సికిల్ సెల్ ఉన్న పాపతో సైన్స్ మ్యూజియానికి



ఈ దసరా సెలవుల్లో మా మనవరాలిని హైదరాబాద్‌లోని బి.ఎం. బిర్లా సైన్స్ మ్యూజియానికి తీసుకువెళ్లాలని నిశ్చయించుకున్నాము. తొమ్మిదేళ్ల పిల్ల. ఏ వస్తువు కనిపించినా విప్పి చూడనిదే ఊరుకోదు. నా పాత రక్తపోటు యంత్రం ఆమె చేతుల్లోనే తుదిశ్వాస విడిచింది. ఇటువంటి పిల్లలకు "ముట్టుకోవద్దు" అని రాసి ఉండే ప్రదర్శనశాల కంటే, మీట నొక్కి, చక్రం తిప్పి, అద్దంలో తన ముఖం వంకరలు తిరగడం చూసి నవ్వుకునే చోటు మేలు.

అయితే తన తరగతి స్నేహితురాలు కూడా రావాలని ఆమె పట్టుబట్టింది. ఆ పాప మా పాల్వంచలోనే, మా వీధి చివర ఉండే కోయ కుటుంబపు బిడ్డ. ఆమెకు సికిల్ సెల్ వ్యాధి ఉంది. మాట్లాడటానికి వచ్చిన తల్లి గుమ్మం దాటి లోపలికి రాలేదు. "సారూ, మీరు వద్దంటే మానిపిస్తా" అన్నది.

ఆ మాట నాకు ముప్పయి ఏళ్ల కిందటి ఒక కాగితాన్ని గుర్తుచేసింది. అప్పుడు నేను గోదావరి ఒడ్డున ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను. విహారయాత్రకు వెళ్లే పిల్లలకు ఆరోగ్య ధ్రువపత్రాలు రాయమని ఒక ఉపాధ్యాయుడు జాబితా తెచ్చారు. అందులో సికిల్ సెల్ ఉన్న పదకొండేళ్ల బాలుడు ఒకడు. నేను తల ఎత్తకుండానే అతని పేరు ఎదుట "ప్రయాణానికి అనర్హుడు" అని రాసి సంతకం చేశాను. దారిలో ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిదన్న భయం తప్ప, ఆ వాక్యం వెనుక వైద్యశాస్త్రం ఏమీ లేదు. మిగిలిన పిల్లలు హైదరాబాద్ చూస్తున్న ఆ మూడు రోజుల్లోనే, వసతి గృహంలో ఒంటరిగా ఉన్న ఆ బాలుడికి నొప్పులు మొదలయ్యాయి. పుష్యమాసపు తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేశాడు, అంతే. చాలా ఏళ్ల తరువాత అతను ఇద్దరు పిల్లల తండ్రిగా నా దగ్గరకు వచ్చినప్పుడు, "బస్సు పోయినంక చానాసేపు గేటు కాడనే ఉన్న సార్" అని మాత్రం చెప్పాడు. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే చెప్పాడు.

అందుచేత ఈసారి "వద్దు" అనే ముందు కాగితం, కలం తీసుకుని కూర్చున్నాను. ఇటువంటి బిడ్డ మీ ఇంట్లోనో, మీ బడిలోనో ఉంటే మీకూ పనికివస్తుందని ఆ ఆలోచనను ఇక్కడ పంచుకుంటున్నాను.

ముందుగా వ్యాధి సంగతి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు సికిల్ జన్యువులు సంక్రమించిన బిడ్డకే వ్యాధి వస్తుంది. ఒక్కటే ఉన్నవారు వాహకులు. వారికి సాధారణంగా ఈ జాగ్రత్తలతో పనిలేదు. వ్యాధి ఉన్నవారిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు, ఒంట్లో నీరు తగ్గినప్పుడు, ఎర్ర రక్తకణం కొడవలి ఆకారానికి వంగి గట్టిపడి సన్నని నాళాలలో అడ్డుపడుతుంది. అదే ఆ భరించరాని నొప్పికి మూలం. మామూలు రక్తకణం 120 రోజులు బతికితే ఇది పది, ఇరవై రోజులకే నశిస్తుంది. మన దేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి గిరిజనులలో గుర్తించారు. మన ఏజెన్సీలో ఇది ఇంటింటా వినిపించే పేరే అయినా, 2023 జూలైలో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలయ్యేదాకా చాలా కుటుంబాలకు పరీక్ష అందుబాటులోకి రాలేదు.

నొప్పిని రేపేవి నీటి కొరత, చలి, అలసట, జ్వరం. ప్రయాణం స్వయంగా ఆ జాబితాలో లేదని గమనించండి. ప్రయాణంలో మనం చేసే అశ్రద్ధే ఆ నాలుగింటినీ వెంట తెస్తుంది.

నీటి విషయమే చూడండి. రైల్లో మరుగుదొడ్డికి వెళ్లడం ఇష్టంలేక ఆడపిల్లలు నీళ్లు తాగడం మానేస్తారు. ఇది అందరికీ తెలిసిన అలవాటే. కాని సికిల్ సెల్ ఉన్న బిడ్డ మూత్రపిండాలు మూత్రాన్ని చిక్కబరచలేవు. తాగినా తాగకపోయినా నీరు బయటికి పోతూనే ఉంటుంది. కాబట్టి ఆమె తరచు వెళ్లాలి, తరచు తాగాలి. "ఇప్పుడే కదా వెళ్లావు" అని ఎవరూ విసుక్కోకూడదు. మా ఇంట్లో ఈ ఆజ్ఞ ముందుగా నాకే జారీ అయింది. చీటికీమాటికీ ఆగవలసివచ్చే కారు ప్రయాణం వద్దనుకుని, పక్కనే ఉన్న కొత్తగూడెంలో, భద్రాచలం రోడ్ స్టేషన్‌లో సికింద్రాబాద్ రైలు ఎక్కాలని నిర్ణయించాము. ఏసీ పెట్టె వద్దనుకున్నాము. ఎందుకంటే అందులో చలిని తగ్గించే అధికారం మన చేతిలో ఉండదు. అయినా స్వెట్టర్, సాక్సులు, దుప్పటి సంచిలో ఉంటాయి. నక్షత్రశాలలోనూ చల్లగానే ఉంటుంది.

దసరాను ఎంచుకోవడానికీ కారణముంది. మే నెల ఎండలో ఈ బిడ్డను తీసుకువెళ్లడం అవివేకం, సంక్రాంతికి తెల్లవారుజామున చలి. అయితే దసరా నాటికి మన అడవి ప్రాంతంలో మలేరియా, డెంగీ ఇంకా సద్దుమణగవు. ఇక్కడ ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. హైదరాబాద్‌లో బిడ్డకు జ్వరం వస్తే, "మేము భద్రాచలం ఏజెన్సీ నుంచి వచ్చాము, బిడ్డకు సికిల్ సెల్ ఉంది" అని ఆ రెండు విషయాలూ వైద్యునికి మీరే ముందు చెప్పండి. నగరంలోని వైద్యునికి మలేరియా వెంటనే తట్టకపోవచ్చు. ఈ పిల్లలలో ప్లీహం సరిగా పనిచేయదు కనుక, 101 డిగ్రీల జ్వరం వచ్చిందంటే మాత్ర వేసి తెల్లవారేదాకా చూడటం పనికిరాదు. ఛాతీ నొప్పి, ఆయాసం, ఒక్కసారిగా పాలిపోవడం, కాలో చెయ్యో పట్టుతప్పడం కనిపించినా వెంటనే ఆస్పత్రికే. మ్యూజియం ఉన్న నౌబత్ పహాడ్‌కు దగ్గరలోనే, రెడ్ హిల్స్‌లో, ప్రభుత్వ పిల్లల ఆస్పత్రి నీలోఫర్ ఉంది. ఆ దారి నేను ముందుగానే చూసి పెట్టుకుంటున్నాను. హైడ్రాక్సీయూరియా, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఒక్కరోజూ మానకుండా వేయాలి. "ప్రయాణం కదా, వచ్చాక వేద్దాంలే" అనేది మన వాళ్ల ప్రమాదకరమైన వాడుక.

ఇక అలసట. 1916లో బోస్టన్‌లో గిల్మన్ అనే మ్యూజియం అధికారి ఒక మనిషి ప్రదర్శన పెట్టెలను చూడటానికి ఎలా వంగుతున్నాడో, ఎలా మెడ తిప్పుతున్నాడో ఫొటోలు తీయించి, "మ్యూజియం అలసట" అనే మాటను వ్యాసంగా రాశాడు. ఆరోగ్యవంతులైన పెద్దలకే అది తప్పకపోతే పిల్లల సంగతి చెప్పాలా? మన వాళ్ల ప్రణాళిక ఎలా ఉంటుందో మీకు తెలుసు: పొద్దున మ్యూజియం, మధ్యాహ్నం జూ, సాయంత్రం చార్మినార్, రాత్రికి తిరుగు రైలు. పక్కనే బిర్లా మందిరం ఉంది కదా అని మా శ్రీమతి అప్పుడే ఒక మొక్కు గుర్తుచేసుకున్నది. దర్శనం రెండో రోజుకు వాయిదా పడింది. గుట్ట మీదికి వాహనంలో వెళ్లాలన్నది షరతు. మ్యూజియానికి ముందురోజు సాయంత్రమే చేరి, రాత్రి నిద్రపోయి, పొద్దున్నే తలుపులు తీసే వేళకు వెళతాము. అన్ని విభాగాలూ చూడము. రెండు గంటలు, మధ్యలో కూర్చుని ఇడ్లీలు. నక్షత్రశాలలో తెలుగు ప్రదర్శన వేళ ముందే ఫోనులో కనుక్కుంటాము.

ప్రతిదీ ముట్టుకునే చోట చేతులు కడుక్కోవడం మరవకూడదు. వందమంది తిప్పిన చక్రాన్ని తిప్పి, అదే చేత్తో తింటే విరేచనాలు పట్టుకోవచ్చు. మామూలు పిల్లకు అది ఒకరోజు బాధ, ఈ పాపకు నీరు తగ్గి నొప్పుల దాకా పోవచ్చు. సబ్బుబిళ్ల ఒకటి, ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు సంచిలో వేశాను. అంతమాత్రాన "ముట్టుకోకు" అని మాత్రం అనము. అణుబాంబు ప్రయోగశాలలో పనిచేసి, తరువాత విశ్వవిద్యాలయ ఉద్యోగం పోగొట్టుకుని పశువులు పెంచుకుంటూ, పల్లెటూరి బడిలో పాఠాలు చెప్పిన ఫ్రాంక్ ఓపెన్‌హైమర్, 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియం తెరిచింది పిల్లలు తమ చేతులతో తెలుసుకోవాలనే. నిజానికి మన అడవి పిల్లలకు ఇది కొత్త కాదు. ఇప్పపువ్వు ఏరడం, వెదురు చీల్చడం వారు చూసి కాదు, చేసే నేర్చుకుంటారు.

పెద్ద ప్రయాణానికి ముందు చిన్న పరీక్షగా, పోయిన ఆదివారం ఇద్దరినీ భద్రాచలం ఐటీడీఏ ఆవరణలోని గిరిజన మ్యూజియానికి తీసుకువెళ్లాను. ఎంతసేపటికి అలసిపోతుందో, ఎన్నిసార్లు నీళ్లు తాగుతుందో చూడటం నా ఉద్దేశం. గంటన్నర గడిచాక ఆమె తనంతట తానే వచ్చి నా పక్కన కూర్చుంది. అడగకుండానే సీసా తెరిచింది. మా మనవరాలికి డోలు గురించీ, బుట్టల గురించీ చెప్పింది ఆమే. అంతవరకు మా ఇంట్లో ఆ పాప అంత మాట్లాడగా నేను వినలేదు.

తిరుగుదారిలో హైదరాబాద్‌లో చూడబోయే రాక్షస బల్లి గురించి చెప్పాను. ఆ కోటాసారస్ ఎముకలు దొరికింది పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో, ప్రాణహిత-గోదావరి లోయలో. పదహారు కోట్ల ఏళ్లకు పైబడిన జీవి. 2000 నుంచి అక్కడ నిలబెట్టి ఉంచారు. ఆ లోయ మీదుగా వచ్చే నీళ్లే మన కరకట్టను ఒరుసుకుంటూ పోతాయని చెబితే ఇద్దరూ కిటికీలోంచి గోదావరిని వెతికారు.

నిన్న తల్లి మళ్లీ వచ్చింది. ఈసారి లోపలికి వచ్చి కూర్చుంది. మాత్రల వేళలు, సికిల్ సెల్ కార్డు, జ్వరం కొలిచే థర్మామీటర్, అన్నీ రాసిచ్చాను. రైల్లో ఆ పాపకు మరుగుదొడ్డికి దగ్గరగా, నడవా పక్క సీటు అనుకున్నాను. "తాతా, నాకు కిటికీ పక్క సీటు కావాలి" అన్నది. మార్చి రాశాను.