ఎఱ్ఱచుక్క యేల పనిచేయలేదు?

మన పాఠశాల కంప్యూటరు గదిలో జరిగిన యొక చిన్న సంగతిని మీ యెదుట నుంచుచున్నాము. ఇందు మా తప్పు కలదు. విద్యార్థుల తప్పులు దిద్దుట మా వృత్తి గనుక, మా తప్పును దాచుకొనుట న్యాయము కాదని తోచినది.

మన గ్రంథాలయమున ఏ పుస్తకము నెవరు తీసికొనిరో, ఎప్పుడు తిరిగి యిచ్చిరో రిజిస్టరులో వ్రాయుట వాడుక. దానిని కంప్యూటరున కెక్కింపవలెనని తొమ్మిదవ తరగతి పిల్లలతో గూడి సంకల్పించితిమి. ఇందులకు పి.హెచ్‌.పి. యను భాష నెన్నుకొంటిమి. రాస్మస్ లెర్డార్ఫ్ అను నాయన దీనిని 1995వ సంవత్సరమున లోకమునకు వెల్లడించెను. ఈ భాషలో వ్రాసిన ప్రోగ్రాము చూచువాని యంత్రమున గాక సర్వరునందు నడచును. చూచువానికి ఫలితము మాత్రమే చేరును. వంటయింట వండి, పంక్తిలో వడ్డించినట్లే యనుకొనుడు. కూరలో లోపమున్నచో విస్తరిని చూచి కారణము తెలిసికొనలేము, వంటయింటిలోనికే పోవలెను.

అట్లు లోనికి పోయి చూచుటకు సాధనము లేకపోలేదు. మేము ప్రోగ్రాములు వ్రాయుటకు వాడునది విజువల్ స్టూడియో కోడ్ అను ఎడిటరు. మైక్రోసాఫ్ట్ సంస్థ దీనిని 2015లో మొదట వెలువరించినది. వెల యీయ నక్కఱలేదు. పనికి తగిన ఎక్స్‌టెన్షనును దీనికి చేర్చుకొనవలెను. మన కొత్తకోటలో పట్టుచీరలు నేయు మగ్గమును చూచినవారికి ఇది సులభముగా బోధపడును. పడుగును పేకను కలిపి బట్ట నేయునది మగ్గము. అంచున పువ్వు తీయుటకు దానిపై జకార్డు బిగింతురు. అయితే జకార్డు ఒక్కటియే చీర నేయదు గదా! అట్లే ఎక్స్‌టెన్షను చేర్చినంత మాత్రమున పని ముగియదు. పి.హెచ్‌.పి.ని వేఱుగా స్థాపింపవలెను. దానికి ఎక్స్‌డీబగ్ అను భాగమును జోడింపవలెను. ఎడిటరులోని ఎక్స్‌టెన్షను ఆ ఎక్స్‌డీబగ్‌తో మాటలాడవలెను. అప్పుడు ఏదేని వరుస ప్రక్కన ఎఱ్ఱచుక్క నుంచినచో, ప్రోగ్రాము ఆ వరుస కడ ఆగి, తనలోని విలువల నన్నిటిని చూపును.

ఇచట నొక విశేషము గలదు. ఎడిటరే పోయి సర్వరును పిలుచునని పలువురు తలంతురు. నిజమునకు ఎడిటరు తలుపు తెఱచుకొని కూర్చుండును. సర్వరునందలి ఎక్స్‌డీబగ్ వచ్చి ఆ తలుపు తట్టును. ఆ తలుపునకు ఒక సంఖ్య యుండును; దానిని పోర్టు అందురు. ఇరుప్రక్కలను ఒకే సంఖ్య వ్రాసియుండవలెను.

కొన్ని యేండ్ల క్రిందట పాత యంత్రమున నీ యమరికలు చేసినపుడు మేము వ్రాసికొన్న నోటుపుస్తకము మాకడ నున్నది. క్రొత్త యంత్రమునందును వానినే అక్షరము తప్పక యెక్కించి, ఎఱ్ఱచుక్క కడ ప్రోగ్రాము ఆగునో లేదో పరీక్షింపకయే పిల్లల కప్పగించితిమి. నాటి సాయంకాలము ఒక బాలిక అందఱికంటె కడపటి వఱకు కూర్చుండి పనిచేసెను. ఆమె తల్లిదండ్రులు నేతపనివారు. మఱునాడు ఎఱ్ఱచుక్క నుంచి చూడగా ప్రోగ్రాము ఆగలేదు. పుటను ఇరువదిమార్లు తెఱచినను ఆగలేదు. మేము విచారింపకయే, “నిన్న కడపట కూర్చున్నది నీవే గదా! అమరికను చెఱిపితివి” అని తరగతి యెదుట ఆమెను గద్దించితిమి. ఆమె తల వంచుకొని, “నేను దానిని ముట్టలేదు సారూ” అని మాత్రము పలికెను. మేము నమ్మలేదు. మూడు దినములు ఆమె ఆ యంత్రము దరి చేరలేదు.

నాల్గవనాడు ఒక కాగితముతో మా బల్ల కడకు వచ్చెను. పి.హెచ్‌.పి. తన వివరముల నన్నిటిని తానే చూపు పుట యొకటి కలదు, పి.హెచ్‌.పి. ఇన్ఫో అని ఒక్క వరుస వ్రాసిన చాలును. ఆమె తన స్నేహితురాలిచే నా పుట తెఱపించి, అందలి పంక్తులను వ్రాసికొని వచ్చినది. “సారూ, తమరి పుస్తకములో 9000 అని యున్నది. ఇందులో 9003 అని యున్నది. తమరు వ్రాసిన పేర్ల యెదుట, ఈ పేరు మాఱినదని కూడ నున్నది” అనెను.

ఆమె చెప్పినది నిజము. 2020వ సంవత్సరమున ఎక్స్‌డీబగ్ మూడవ కూర్పు వెలువడెను. అంతకు మునుపు వాడుకలోనున్న 9000 సంఖ్యను పి.హెచ్‌.పి.కి చెందిన వేఱొక భాగమును తఱచు వాడుచుండుటచే రెంటికిని తగవు వచ్చుచుండెను. అందుచే దానిని 9003గా మార్చిరి. అమరికల పేర్లు సయితము మార్చిరి. మా నోటుపుస్తకము అంతకు పూర్వపుది. పాత పేర్లతో మేమిచ్చిన యాజ్ఞను ఎక్స్‌డీబగ్ లెక్కింపలేదు. ఒకవేళ లెక్కించి వచ్చియున్నను, అది తట్టునది 9003 తలుపు. మేము తెఱచి కూర్చున్నది 9000 తలుపు!

వెంటనే పి.హెచ్‌.పి. అమరికల ఫైలులో క్రొత్త పేర్లను వ్రాసితిమి. ఎడిటరులోని లాంచ్ ఫైలున 9003 అని దిద్దితిమి. సర్వరును ఆపి మరల నడిపితిమి. ఈ కడపటి పని మఱచినచో దిద్దుబాటు అమలునకు రాదు. అప్పుడు ప్రోగ్రాము ఎఱ్ఱచుక్క కడ ఆగెను. ఆగినంతనే, విద్యార్థి పేరు రిజిస్టరున కేల యెక్కుట లేదో కూడ తెలిసినది. పుటయందు ఇంగ్లీషు చిన్న యక్షరముతో వ్రాసిన మాటను ప్రోగ్రామునందు పెద్ద యక్షరముతో వ్రాసియుంటిమి. మనకవి రెండును ఒకే మాట, పి.హెచ్‌.పి.కి అవి రెండు వేర్వేఱు పేర్లు. తెలుగు లిపిలో పెద్ద యక్షరము, చిన్న యక్షరము అను భేదము లేదు గనుక, మన పిల్లలు దీనిని మఱింత జాగ్రత్తగా చూడవలెను.

ఆ మధ్యాహ్నమే తరగతి నంతటిని కూర్చుండబెట్టి, “అమ్మా, నీపై మేము మోపిన నింద అబద్ధము. తప్పు మాది. క్షమింపుము” అని చెప్పితిమి. గద్దించినది పదిమంది యెదుట గనుక, క్షమాపణయు పదిమంది యెదుటనే కావలెను గదా! ఆమె యేమియు ననక, పోయి యంత్రము ముందు కూర్చుండెను.

విద్యార్థులారా! ఏ యమరికనైనను వ్రాసికొనునపుడు దాని కూర్పుసంఖ్యను, తేదీని ప్రక్కన వ్రాయుడు. మేమిపుడు అట్లే వ్రాయుచున్నాము. యంత్రము చూపు పుటను తుదిముట్ట చదువుడు. పెద్దలు చెప్పినదైనను, పుటలో వేఱుగా నున్నచో వినయముతో అడుగుడు. పిల్లలు “నేను చేయలేదు” అన్నపుడు, తల్లిదండ్రులును మావంటి యుపాధ్యాయులును ఒక్క నిమిష మాగి విచారింతురు గాక. ఆ బాలిక దిద్దిన రిజిస్టరు ఇపుడు మన గ్రంథాలయమున నడచుచున్నది. ఈ వ్యాసమును చదివినవారు ఒకమారు వచ్చి చూడగోరుచున్నాము.