పాల్వంచ టవర్ల నడుము

ఆగస్టు 3, 2024, పాల్వంచ

పాత కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం) కూలింగ్ టవర్లు ఎనిమిదీ కూల్చేస్తారట. టీకొట్టు దగ్గర అందరిదీ ఇదే మాట. "ఎంత పొగ మింగించాయి సార్ మాతో!" అన్నాడొక కుర్రాడు. పాపం, వీటికి ఈ నింద ఎప్పుడూ ఉన్నదే. పొగ వదిలేవి సన్నటి చిమ్నీలు. వీటి నెత్తిన తెల్లగా లేచేది తడిగాలి. కండెన్సర్‌లో వేడెక్కిన నీళ్లు వచ్చి టవరు అడుగున చినుకులుగా రాలుతుంటే, కాళ్ల సందుల్లోంచి దూరిన గాలి వాటిలో కాస్త ఆవిరి చేసుకుని మిగతాదాన్ని చల్లబరుస్తుంది. తడిసి వేడెక్కిన గాలి తేలిక, దానంతటదే పైకి పోతుంది. ఫ్యాను అక్కర్లేదు.

ఆగస్టు 4

మరి టవర్లకు ఆ సన్నటి నడుమెందుకు? దారి ఇరుకైతే గాలి జోరందుకుంటుందని చదువుకున్నవాళ్లే చెబుతుంటారు. నేనొప్పుకోను. గాలిని లాగేది ఎత్తు. నడుము కాంక్రీటు కోసం. అడ్డంగా చూస్తే ఒక వంపు, నిలువునా చూస్తే దానికి ఎదురు వంపు. అలా రెండు తీర్లా వంగిన పెంకు గాలికి తేలిగ్గా నలగదు. అందుకే వంద మీటర్ల టవరుకైనా చాలా మేర గోడ మందం జానెడుండదు.

ఇంకో తమాషా. వెదురు మోడాలో ఒక్క పుల్లా వంగి ఉండదు, ఏటవాలుగా అమర్చేసరికి నడుము వచ్చేస్తుంది. ఇదీ అంతే, తిన్నటి గీతలతో పుట్టే వంపు. డచ్చి ఇంజనీర్లు వాన్ ఇటర్సన్, కైపర్స్ కూలింగ్ టవర్లలో ఈ ఆకారానికి ఆద్యులు. హేర్లెన్‌లోని ఎమ్మా బొగ్గుగని దగ్గర 1918లో మొదటిది లేచింది.

ఆగస్టు 5

పేల్చేశారు. చూస్తుండగానే ఎనిమిదీ నేలమట్టం. జనం ఈలలు, ఫోన్లలో వీడియోలు.

రాత్రి ఫెర్రీబ్రిడ్జ్ గుర్తొచ్చింది. ఇంగ్లండులో అక్కడా ఎనిమిదే. 1965 నవంబరు 1న పెనుగాలికి మూడు కూలాయి. గాలికి ఎదురు నిలిచినవి కావు, వెనక వరుసవి! ముందు టవర్ల సందుల్లోంచి గాలి రెట్టించి కొట్టింది. డిజైనర్లు నిమిషం సగటు గాలిని లెక్కేశారు, క్షణాల్లో విసిరే ఈదురుగాలిని వదిలేశారు. పైగా ఒంటరి టవరు లెక్కను గుంపుకు వాడారు.

ఆగస్టు 9

ఫెర్రీబ్రిడ్జ్ దెబ్బతో లెక్కలు మారాయి, ఆకారం మారలేదు. రాజస్థాన్‌లో కాలీసింధ్ థర్మల్ కేంద్రం టవర్లు 202 మీటర్లు, వాటికీ ఇదే నడుము. ఇక్కడ మాత్రం ఎనిమిదింట్లో ఒక్కదాన్నైనా ఉంచి, ఇంజనీరింగు పిల్లల్ని లోపల నిలబెట్టి చూపించాల్సింది.