తాతయ్య నిద్ర

పార్కిన్సన్స్ అనగానే మనలో చాలామందికి తెలిసింది రెండే ముక్కలు: చేతులు వణుకుతాయి, డోపమైన్ తగ్గుతుంది. 1960లో వియన్నాలో ఎహ్రింగర్, హోర్నికీవిచ్ అనే ఇద్దరు, ఈ జబ్బుతో చనిపోయినవాళ్ళ మెదళ్ళను పరీక్షించి ఆ లోటును బయటపెట్టారు. దాన్ని పూడ్చే లెవోడోపానే ఇవాళ్టికీ ముఖ్యమైన మందు. మా తాతయ్య నాలుగేళ్ళుగా వేసుకుంటున్నదీ అదే. చెయ్యి కాస్త కుదురుకుంది. టీ గ్లాసు తనే పట్టుకుంటాడు.

మరి నిద్ర సంగతేంటి? ముప్పై ఏళ్ళు రాత్రిళ్ళు లారీ నడిపిన మనిషి. తెల్లారేదాకా కునుకు తీయకుండా తోలేవాడని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటివాడు పట్టపగలు కంచం ముందు కూర్చుని తూగుతున్నాడు. "మాత్రలు వేసుకుంటున్నాడుగా, ఇంకా ఈ బద్ధకమేంటి?" అంటారు చుట్టాలు. వణుకు కంటే ఆ మాటే ఆయనకి ఎక్కువ బాధ. ఎవరైనా వస్తున్నారంటే మొహం కడుక్కుని గుమ్మం పట్టుకుని నిలబడతాడు, కూర్చుంటే నిద్రొస్తుందని. ఎక్కడ పడిపోతాడోనని అమ్మమ్మ వెనకాలే ఉంటుంది.

సెలవుల్లో కూర్చుని దీని గురించి చదివాను. మెదడు కణాలు డోపమైన్‌తోనే కాదు, న్యూరోపెప్టైడ్లతో కూడా కబుర్లు పంపుకుంటాయి. ఇవి అమైనో ఆమ్లాల చిన్న గొలుసులు. పార్కిన్సన్స్‌లో సబ్‌స్టన్స్ పి, ఎన్‌కెఫలిన్ లాంటివి మెదడులో కొన్నిచోట్ల తగ్గుతాయి. నేను ఆగిపోయింది మాత్రం ఒరెక్సిన్ దగ్గర. మనల్ని మేలుకొని ఉంచే పెప్టైడ్ ఇది. హైపోథాలమస్‌లో కొన్ని పదుల వేల కణాలే దీన్ని తయారుచేస్తాయి. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళలో ఆ కణాలు తగ్గిపోతున్నాయని 2007లో రెండు పరిశోధక బృందాలు చూపించాయి. జబ్బు ముదిరేకొద్దీ ఆ నష్టం ఎక్కువట. లెవోడోపా పూడ్చేది డోపమైన్ లోటునే, దీన్ని కాదు.

పగటి నిద్రకి ఇదొక్కటే కారణం అనలేం. రాత్రి నిద్ర చెడిపోవడం, మందుల మగత కూడా ఉంటాయి. కానీ ఆ లిస్టులో ఎక్కడా బద్ధకం లేదు.

తాతయ్యకి ఇదంతా చెప్పాను. కాసేపు ఆలోచించి, "అంటే డైనమో ఛార్జింగ్ ఇవ్వట్లేదంటావ్. డ్రైవర్ తప్పేం లేదుగా?" అన్నాడు.

లేదన్నాను. ఇప్పుడు అమ్మమ్మ ఒక నోట్‌బుక్‌లో ఆయన ఎప్పుడు మాత్ర వేసుకున్నాడో, ఎప్పుడు కునుకు పట్టిందో రాస్తోంది, డాక్టరుకి చూపించడానికి. మీ ఇంట్లోనూ ఈ జబ్బున్న పెద్దవాళ్ళుంటే చెయ్యి ఎలా ఉందని అడగడంతో ఆపకండి, నిద్ర ఎలా ఉందో కూడా అడగండి.