నీళ్ళున్నాయని అబద్ధం చెప్పిన గాజుగొట్టం

ఏదైనా రిపోర్టులో కారణం దగ్గర 'హ్యూమన్ ఎర్రర్' అని రెండే ముక్కలు రాసి ముగించేస్తే నాకు వెంటనే ఓ రైలింజను గుర్తొస్తుంది. దాని నంబరు 2403. పాత ఇంజన్ల పిచ్చి నాకు ఎలాగూ ఉంది కాబట్టి ఆ కథేంటో ఇవాళ మీకూ చెప్పేస్తాను. ఓపిగ్గా చదవండి, మన పనికి దగ్గర చుట్టమే.

రెండో ప్రపంచయుద్ధం కోసం అమెరికా సైన్యం ఎస్-160 అని ఒక రకం ఆవిరి ఇంజను తయారుచేయించింది. బాల్డ్విన్, ఆల్కో, లైమా కంపెనీలు కలిసి 2,000 పైచిలుకు కట్టి పడేశాయి. త్వరగా కట్టాలి, చవగ్గా కట్టాలి, ఏ దేశంలోనైనా నడవాలి. అంతే రిక్వైర్‌మెంటు. మన బ్రాడ్‌గేజికి సరిపడేలా మార్చిన తమ్ముళ్ళు కూడా కొన్ని ఇండియాకి వచ్చాయి, ఏడబ్ల్యూసీ అనే పేరుతో. 1942 చివరి నుంచి దాదాపు 400 ఇంజన్లు ఇంగ్లండులో దిగాయి. యూరప్‌లోకి సేనలు వెళ్ళేదాకా ఖాళీగా ఎందుకని అక్కడి రైల్వే కంపెనీలకి వాడుకోవడానికిచ్చారు.

1943 నవంబరులో హనీబోర్న్ అనే చోట 2403 ఫైర్‌బాక్సు పైకప్పు కూలింది. పది నెలల్లోపే అదే రకం ఇంజన్లకి ఇలాంటివే మరో రెండు ప్రమాదాలు జరిగాయి.

ముందు పైకప్పు కూలడం అంటే ఏంటో చూద్దాం. ఆవిరి ఇంజన్లో బొగ్గు మండే పెట్టె చుట్టూ, పైనా నీళ్ళుంటాయి. కింద భగభగమండే మంట, పైన నీళ్ళు, మధ్యలో ఒక ఉక్కు రేకు. ఈ ఇంజన్లో ఒత్తిడి చదరపు అంగుళానికి 225 పౌండ్లు. ఆ ఒత్తిడిలో నీళ్ళు సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతాయి. రేకు మీద నీళ్ళున్నంతసేపూ రేకు కూడా దాదాపు అక్కడే ఉంటుంది. ఏ ఇబ్బందీ లేదు. నీళ్ళు తగ్గి రేకు బయటపడిందా, నిమిషాల్లో ఎర్రగా కాలి మెత్తబడి, పట్టి ఉంచిన కడ్డీల నుంచి ఊడొస్తుంది. బాయిలర్లో ఉన్న ఆవిరీ, మరుగునీళ్ళూ అన్నీ మంటలోంచి డ్రైవరు, ఫైర్‌మన్ నిలబడ్డ చోటికే తన్నుకొస్తాయి.

ఇక్కడ దర్యాప్తు చేసేవాళ్ళకి పని సగం సులువు. కాలిన రేకు మీద రంగు మారిన గీత ఉంటుంది, నీళ్ళు ఎక్కడిదాకా దిగాయో అదే చెబుతుంది. అంటే 'నీళ్ళు తగ్గాయి' అనేది ఋజువైపోయినట్టే. "ఫైర్‌మన్ నీళ్ళు చూసుకోలేదు, కేస్ క్లోజ్డ్" అనేయొచ్చు. అసలు ప్రశ్న దాని తర్వాత మొదలవుతుంది. నీళ్ళు తగ్గితే తన ప్రాణానికే ముప్పని తెలిసినవాడు ఎందుకు ఊరుకున్నాడు?

సమాధానం ఆ చిన్న గాజుగొట్టంలో ఉంది. బాయిలర్లో నీటిమట్టం చూపించేది అదే. దానికి కింద ఒక వాల్వు, నీళ్ళకి. పైన ఇంకో వాల్వు, ఆవిరికి. రెండూ తెరిచుంటే గొట్టంలో మట్టం, బాయిలర్లో మట్టం ఒకటే. పైన వాల్వు సరిగ్గా తెరుచుకోలేదనుకోండి. గొట్టంలో ఆవిరి చల్లబడి నీరవుతుంది, దాని స్థానంలోకి కొత్త ఆవిరి చాలినంత రాదు. పైన ఒత్తిడి కాస్త తగ్గుతుంది, కింది నుంచి నీళ్ళు పైకి ఎగబాకుతాయి. ఒక్క పౌండు తేడా చాలు, నీటిమట్టం 70 సెంటీమీటర్లకి పైగా లేస్తుంది. 225 లో ఒకటి! బాయిలరు ఎండిపోతుంటే గొట్టం మాత్రం నిండుకుండలా కనబడుతుంది.

సరే, వాల్వు తెరిచి ఉందో లేదో చూసుకోవచ్చు కదా అంటారా? బ్రిటిష్ ఇంజన్లలో దానికి లివరు లాంటి పిడి ఉంటుంది. పిడి ఎటు తిరిగుందో ఒక్క చూపు చూస్తే తెలిసిపోతుంది. ఈ అమెరికా ఇంజన్లో గుండ్రంగా తిప్పే పిడి, మన ఇంట్లో కుళాయిలాగా. అది పూర్తిగా తెరిచుందా, సగం మూసుందా అనేది చూపుకి అందదు, పట్టుకుని తిప్పితేనే తెలుస్తుంది. దర్యాప్తు చివరికి తేలింది ఆ పైవాల్వు దగ్గరే.

గేజిని పరీక్షించే పద్ధతి లేకపోలేదు. వాల్వులు ఒక్కొక్కటే మూసి తెరిచి, కిందనుంచి నీళ్ళు వదిలి చూడాలి. చేసుంటే బయటపడేదే, కాదనను. కానీ అలవాటులేని ఇంజను, యుద్ధకాలపు చీకటి రాత్రులు, ఎదురుగా నిండుగా కనిపించే గాజు. అన్నీ బాగున్నాయని చెప్పే మీటరుని అనుమానించమని మనిషికి ఎవరు నేర్పుతారు?

నేను ఇదివరకు పనిచేసిన ఒక కంపెనీలో ఇలాంటిదే చూశాను. డిస్కు నిండిందో లేదో చూసే మానిటరింగ్ ఏజెంటు మధ్యలో చచ్చిపోయింది. స్క్రీను మీద మాత్రం ఆఖరిసారి వచ్చిన అంకె పచ్చగా మెరుస్తూనే ఉంది. తెల్లారుజామున డేటాబేసు ఆగిపోయింది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాడు చేరి ఎనిమిది నెలలు కాలేదు. రిపోర్టులో రాసింది 'ఇంజనీరు తనిఖీ చేయలేదు' అని. ఏజెంటు ఊసు అనుబంధంలో ఓ మూల. కుర్రాడికి ఆ ఏడాది రేటింగు పోయింది, తర్వాత కొన్నాళ్ళకి వాడే మానేశాడు. ఆరునెలలు తిరక్కుండా ఇంకో సర్వరు మీద అదే జరిగింది. ఈసారి డ్యూటీలో ఉన్నది పదేళ్ళ అనుభవమున్న ఆయన!

మనిషిని తీసేసినా పిడి మారకపోతే ఏం లాభం? చచ్చిన మీటరు 'తెలియదు' అని చూపించాలి, 'బాగుంది' అని కాదు. సగం మూసిన వాల్వు దూరం నుంచే సగం మూసినట్టు కనబడాలి. ఇవి కట్టేవాడు చెయ్యాల్సిన పనులు, రాత్రి డ్యూటీవాడివి కావు. కట్టేవాళ్ళం మనమే కాబట్టి ఈ మాట మనకి కాస్త గుచ్చుకోవాలి కూడా.

మీ టీములో ఈసారి రిపోర్టు రాసే పని మీ మీద పడితే, "చూసుకోలేదు" అని టైపు చేసే ముందు ఒక్కసారి ఆగండి. వాడు చూశాడేమో. చూసినప్పుడు వాడికి ఏం కనిపించిందో అడగండి.