ఆ మెనూ కాదు, ఈ మెనూ

మన హాస్టల్లో ‘మెనూ’ అనగానే అందరి కళ్ళూ వంటగది గోడ వైపే పోతాయి. గుడ్డు ఏ రోజు, ఆదివారం ఏమిటి అని మేమూ లెక్కలు వేసుకున్నవాళ్ళమే. ఆ మెనూ మార్చే అధికారం మాకు ఏనాడూ లేదు. మేము చెప్పబోయేది ఇంకో మెనూ గురించి. అది అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన పాటల డబ్బాలో ఉండేది. దాన్ని మాత్రం మేమే తలకిందులు చేసి, మళ్ళీ మేమే నిలబెట్టాం.

అది 2007. మేము పదకొండు మందిమి. పది మంది తొమ్మిది, పది తరగతుల వాళ్ళం, ఒక్కడు ఏడో తరగతి తమ్ముడు. ఎండాకాలం సెలవుల్లో కూలికి పోయి తెచ్చుకున్న డబ్బుల్లోంచి తలా వంద వేసుకున్నాం. మాలో ఇద్దరు నర్సాపూర్‌లో బస్సెక్కి, అడవి దాటి, గుమ్మడిదల, దుండిగల్ మీదుగా బాలానగర్‌లో దిగి, అక్కడి నుంచి కోఠి పోయి, గుజరాతీ గల్లీలో బేరమాడి ఒక ఎంపీత్రీ ప్లేయర్ తెచ్చారు. ఒక్క పెన్సిల్ సెల్లుతో నడిచేది. మెమరీ ఒక జీబీ. మామూలు పాటకు నిమిషానికి సుమారు ఒక ఎంబీ పడుతుంది కాబట్టి, ఐదు నిమిషాల పాటలు రెండు వందల దాకా పట్టేవి. మాకు అదే ఒక రేడియో స్టేషన్.

స్టడీ అవర్ అయ్యాక ఒక్కొక్కరికి పావుగంట వంతు. తంటా అక్కడే మొదలైంది. బస్టాండు దగ్గరి నెట్ సెంటర్ అన్న దొరికిన పాటలన్నీ దొరికినట్టే అందులో పోశాడు. ఇలాంటి చవక ప్లేయర్లు చాలావరకు అక్షర క్రమం పాటించవు. ఏ ఫైలు ముందు ఎక్కితే దాన్నే ముందు చూపిస్తాయి. రెండు వరుసల తెర, ఒకటే బొత్తాం. నూట నలభయ్యో పాట కావాలంటే నూట నలభై సార్లు నొక్కాలి. పావుగంటలో పది నిమిషాలు వెతుకులాటకే సరి. ముందు ఎక్కిన పాటల వాళ్ళకు సుఖం, వెనక ఎక్కిన పాటల వాళ్ళకు బొత్తాం నొక్కుడు. అందరం వేసింది వందే కదా, ఇదెక్కడి న్యాయం అని గొడవ.

ఒక ఆదివారం నోటుబుక్కు ముందు పెట్టుకుని కూర్చున్నాం. మొదట హీరోల పేర్లతో ఫోల్డర్లు అనుకున్నాం. చిరంజీవి ముందా, నాగార్జున ముందా అన్న దగ్గరే సభ ముగిసింది. తర్వాత మనిషికొక ఫోల్డర్ అన్నాం. ఒకే పాట ముగ్గురికి కావాల్సి వచ్చి, మూడుసార్లు ఎక్కించేసరికి చోటు చాల్లేదు. చివరికి రోజు ప్రకారం పెట్టుకున్నాం: పొద్దున, చదువు, పండుగ, ఇల్లు. నెట్ సెంటర్‌కు పోయి ఒక్కో ఫోల్డర్ వరుసగా ఎక్కించాం. ప్రతి పేరు ముందు అంకె వేశాం. అక్కడా ఒక పాఠం నేర్చుకున్నాం. 1, 2 అని వేస్తే కంప్యూటరు కొన్నిసార్లు ఒకటి తర్వాత పదిని తెచ్చి నిలబెడుతుంది. 01, 02 అని వేస్తే అటెండెన్స్ రిజిస్టర్‌లాగా బుద్ధిగా నిలబడతాయి.

ఇంకో వింత. మా బతుకమ్మ పాటలు, డప్పు పాటలు నడుస్తుంటే తెర మీద ‘బ్లూస్’ అని ఇంగ్లీషులో ఒక మాట కదిలిపోయేది. అదేం సినిమానో మాకు తెలియలేదు. చాలా ఏళ్ళకు కారణం తెలిసింది. ఎంపీత్రీ ఫైలు చివర 128 బైట్ల చిన్న చీటీ ఒకటి ఉంటుంది. దాన్ని 1996లో ఎరిక్ కెంప్ అనే ఆయన రూపొందించాడు. పాట పేరుకు 30 అక్షరాలు, పాడినవాళ్ళకు 30, ఆల్బమ్‌కు 30. పాట ఏ జాతిదో చెప్పడానికి ఒక్క అంకె. మొదటి జాబితాలో ఉన్నవి 80 రకాలే. అందులో జానపదానికి చోటే లేదు, తర్వాత విన్‌ఆంప్ వాళ్ళు పొడిగించినప్పుడు చేరింది. ఏమీ రాయకుండా సున్నా వదిలేస్తే, సున్నా అంకె బ్లూస్‌ది కాబట్టి పాట పోయి అందులో పడుతుంది.

ఆ బ్లూస్ ఏమిటా అని చూస్తే, అమెరికా దక్షిణాది పత్తి చేలల్లో చెమటోడ్చిన నల్లవాళ్ళ బతుకుల్లోంచి పుట్టిన పాట అని తెలిసింది. మా అమ్మలు కూడా పత్తి ఏరినవాళ్ళే. పొరపాటున పడినా మా పాటలు చుట్టాల ఇంట్లోనే పడ్డాయి అనుకున్నాం. కానీ చుట్టాల ఇల్లు ఎంతైనా చుట్టాల ఇల్లే.

మళ్ళీ ఆ ఆదివారానికి వద్దాం. కొత్త ఫోల్డర్లకు చోటు చేయడానికి పేరు లేని ఫైళ్ళు తీసేస్తున్నాం. ‘వీ 001’ అని ఒకటి కనిపించింది. మాలో ఒకడు “ఇదేందో ఖాళీది, తీసెయ్‌రా” అన్నాడు. ఎప్పుడూ నోరు విప్పని ఏడో తరగతి తమ్ముడు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. “అన్నా, అది తియ్యకు. మా అమ్మమ్మ.”

దసరా సెలవుల్లో ప్లేయర్ ఇంటికి తీసుకుపోయే వంతు వాడికి వచ్చింది. అందులో రికార్డింగ్ ఉందని మాకెవరికీ పట్టలేదు, వాడు పట్టేశాడు. బతుకమ్మ ఆడేటప్పుడు అమ్మమ్మ పాడితే పట్టుకున్నాడు. సంక్రాంతికి ముందే ఆమె పోయింది. ఆ సంగతి మాకు చెప్పనే లేదు. తన పావుగంటలో వాడు ఏం వింటున్నాడో మేము ఒక్కరోజు కూడా అడగలేదు. డబ్బాలో అన్నిటికన్నా అడుగున ఉన్నది అదే. బొత్తాం నొక్కీ నొక్కీ అక్కడికి చేరేసరికి వాడి వంతు అయిపోయేది.

ఆ సాయంత్రం అందరం విన్నాం. గాలి చప్పుడు, చప్పట్లు, మధ్యలో ఒక మేక, ఆ ముసలి గొంతు. రెండు నిమిషాలు కూడా లేదు. మాట్లాడకుండా దానికి ‘01 అమ్మమ్మ’ అని పేరు పెట్టి అన్నిటికన్నా పైకి తెచ్చాం. ప్లేయర్ ఆన్ చేసి నొక్కితే ఎవరి వంతులోనైనా మొదట ఆమే పాడేది.

తర్వాత మాలో ఒకడు డిప్లొమా చదువుతూ రాక్‌బాక్స్ గురించి చెప్పాడు. అది 2001లో స్వీడన్‌లో కొందరు కుర్రాళ్ళు ఆర్కోస్ ప్లేయర్ కోసం మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్. అందులో ఒక మామూలు టెక్స్ట్ ఫైలు రాసి మన మెనూ మనమే పెట్టుకోవచ్చు. చూపు లేనివాళ్ళకు మెనూను పైకి చదివి వినిపిస్తుంది కూడా. కంపెనీ ఇచ్చిన వరుసే ఆఖరు వరుస కాదని నమ్మినవాళ్ళు మాకు ముందే ఉన్నారన్నమాట.

మా ప్లేయర్ రెండేళ్ళకు సెల్లు కారి పాడైపోయింది. 2001లో వచ్చిన ఐపాడ్ తయారీయే 2022లో ఆగిపోయింది, ఇక మాదెంత? కానీ ‘01 అమ్మమ్మ’ మాత్రం మా పదకొండు మంది ఫోన్లలోనూ ఉంది. ఆ తమ్ముడి కూతురు ఇప్పుడు ఆ పాట నేర్చుకుంటోంది.

తమ్ముళ్ళారా, మీ ఫోన్లలో చోటు మా డబ్బా కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. మీ ఇంట్లోవాళ్ళ గొంతులు కూడా ఏదో పేరు లేని అంకె కింద అందులోనే పడి ఉంటాయి. ఇవాళే వెతికి పేర్లు పెట్టండి. పక్క మంచం వాడి వంతు వచ్చినప్పుడు ఏం వింటున్నాడో ఒకసారి అడగండి. ఆ పని మేము ఆలస్యంగా చేశాం.