సైలెన్సర్ పీకితే బండి లాగుతుందా?

“సైలెన్సర్ పీకి అవతల పారెయ్ గురూ, బండి ఎట్టా లాగుద్దో చూడు!”

బెజవాడ ఆటోనగర్‌లో ఏ టీ బంకు దగ్గరైనా కాసేపు నిలబడండి, ఈ మాట మీ చెవిన పడి తీరుతుంది. చెప్పేవాడి ధీమా చూస్తే సొంత లారీ లేనివాడికి కూడా ఒకటి కొని మరీ పీకించాలనిపిస్తుంది. టిప్పర్ డ్రైవరూ, బుల్లెట్ కుర్రాడూ, పది చక్రాల బండి ఓనరూ ఇంకే విషయంలోనూ ఒక మాట మీద ఉండరు గానీ, ఇక్కడ మాత్రం ముగ్గురిదీ ఒకటే పాట.

మీకూ ఆ నమ్మకం ఉందా? ఉంటే మొహమాటపడకండి. అందులో కాస్త నిజం లేకపోలేదు. ఎంతవరకు నిజమో, అక్కణ్ణుంచి దారి ఎటు తప్పుతుందో ఇవాళ తీరిగ్గా చెప్పుకుందాం. డీజిల్ వాసన పడనివాళ్లు ముక్కు మూసుకుని వినండి.

ముందు చిన్న లెక్క. ఆరు లీటర్ల ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతోందనుకోండి. రెండు చుట్లకోసారి గాలి పీలుస్తుంది కాబట్టి నిమిషానికి 6,000 లీటర్లు. టర్బో ఉంటే అది ఇంచుమించు రెట్టింపు, 12,000. ఆ గాలి లోపల కాలి, 400 డిగ్రీల వేడితో బయటికొచ్చేసరికి ఉబ్బి పాతిక వేల లీటర్లు దాటుతుంది. ఎండాకాలం మన ఊళ్లకొచ్చే నీళ్ల ట్యాంకరు చూశారుగా, అయిదు వేల లీటర్లది? అలాంటివి అయిదు, ఒక్క నిమిషంలో, జానెడు వెడల్పు కూడా లేని గొట్టంలోంచి ఖాళీ అవ్వాలి. ఆ గొట్టం సొట్టపోయినా, సైలెన్సర్ లోపలి రేకులు తుప్పుపట్టి ఊడి అడ్డంపడినా, ఇంజను తన బలంలో కొంత ఆ పొగను బయటికి నెట్టడానికే ఖర్చుపెట్టుకోవాలి. అప్పుడు లోడు మీద బండి నీరసపడుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. దారి సాఫీ చేస్తే తేడా తెలిసిపోతుంది. ఇదీ ఆ నమ్మకంలోని నిజం.

కానీ చూడండి, అక్కడ తిరిగొచ్చింది పోయిన బలమే. కొత్తగా పుట్టుకొచ్చిందేం లేదు. కంపెనీవాడు ఆ ఇంజనుకి ఎంత గొట్టం కావాలో లెక్కగట్టే పెట్టాడు. బాగున్న సైలెన్సర్‌ని పీకితే వచ్చేది లోడు బండికి లెక్కలోకి రానంత. మరి అంత తేడా కనిపించిందంటారే? కనిపించలేదండీ, వినిపించింది. మనకి చప్పుడే బలం. మోత మోగితే బండి దూకుతున్నట్టుంటుంది. చెవులు చిల్లులు పడే ఆ మోతలో ఉండే శక్తంతా కలిపితే ఒక ఎల్ఈడీ బల్బుకి సరిపోతే గొప్ప. రెండొందల హార్స్‌పవర్ ఇంజనంటే లక్షన్నర వాట్లు. ఆ లక్షన్నరలో పదో పరకో వాట్లు చప్పుడుగా పోతే ఎంత, పోకపోతే ఎంత?

“మరి బలం ఎక్కణ్ణుంచి వస్తుందయ్యా?” అంటారు. డీజిల్ నుంచే. పెట్రోలు ఇంజనులోలాగా డీజిల్ ఇంజనులో యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునేది గాలి దారి కాదు, పెరిగేది డీజిల్ మోతాదు. లీటరు డీజిల్ పూర్తిగా కాలాలంటే సుమారు పది వేల లీటర్ల గాలి కావాలి. గాలి అంతకంటే ధారాళంగా ఉంటే పొగ కనపడదు. గాలి చాలకుండా డీజిల్ పోస్తే మిగిలింది మసై వెనకనుంచి వస్తుంది. నల్లగా పొగ కక్కుతూ పోయే లారీని చూసి “ఏం పవర్రా!” అనుకునేవాళ్లున్నారు. అది పవర్ కాదు బాబూ, ఓనరు జేబు.

పాత బండ్ల రోజుల్లో ఈ డీజిల్ మోతాదు కథంతా డీజిల్ పంపు దగ్గర నడిచేది. మైకో పంపు అనేవాళ్లు. 2008లో కంపెనీ పేరు బాష్‌గా మారినా పాత మేస్త్రీల నోట ఇప్పటికీ మైకోయే. పంపు సెట్టింగ్ చేశాక ఒక తీగ చుట్టి సీలు వేస్తారు. డ్రైవర్ బతిమాలితే ఎవరో ఒకరు ఆ సీలు తెంపి స్క్రూ అర చుట్టు తిప్పేవాళ్లు. టర్బో గాలి అందేదాకా డీజిల్‌ని కాస్త బిగబట్టే చిన్న డయాఫ్రం ఒకటుంటుంది, దాని స్ప్రింగు కూడా వదులు చేసేవాళ్లు. పికప్ వచ్చిన మాట నిజమే. మైలేజీ పడిపోయిన మాటా నిజమే. ఆ తర్వాత ఇంజను వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ పోయిందంటే, దానికీ ఆ అర చుట్టుకీ ఉన్న చుట్టరికం మాత్రం ఎవరికీ గుర్తుండేది కాదు.

వేడి సంగతి తేలిగ్గా తీసుకోకండి. పిస్టన్లలో ఎక్కువ భాగం అల్యూమినియం. అది కరిగేది 660 డిగ్రీల దగ్గర. లోడుతో ఎత్తు ఎక్కుతూ, పంపు పెంచిన బండిని అదేపనిగా తొక్కితే పొగ వేడి ఆ అంకెను దాటిపోగలదు. కింద నుంచి ఇంజన్ ఆయిల్ చిమ్మి చల్లబరుస్తుంటుంది కాబట్టి పిస్టన్ బతికిపోతోంది. ఎంతసేపు బతుకుతుందన్నదే ప్రశ్న. విదేశాల్లో బండ్లను శ్రద్ధగా ట్యూన్ చేసేవాళ్లు మొట్టమొదట పెట్టించుకునేది పొగ వేడిని చూపించే మీటరు. మనవాళ్లు మొదట పెట్టించేది హారను!

ఇప్పుడు ఒక మంచి మేస్త్రీ ఏం చేస్తాడో చూడండి. డ్రైవర్ వచ్చి, “బాబాయ్, పికప్ లేదు, పంపు కాస్త పెంచు” అన్నాడు. బాబాయ్ పంపు వైపు కూడా చూడలేదు. క్యాబిన్ ఎత్తించి, టార్చిలైటు తీసుకుని, ఇంజను నుంచి టర్బోకి వెళ్లే మ్యానిఫోల్డ్ వెంట మెల్లగా వెతికాడు. ఒకచోట ప్యాకింగ్ దగ్గర వేలు చూపించాడు. తుప్పు రంగు ఇనుము మీద కాటుక గీసినట్టు సన్నటి నల్ల చార. బోల్టు ఒకటి వదులు, పక్కదాని తలకాయే లేదు. “ఇక్కణ్ణుంచి పోతంది రా అబ్బాయ్ నీ పికప్పు. ఎత్తులో సూయ్‌మని ఈల వినపడట్లా నీకు?” “వినపడతంది బాబాయ్, టర్బో చప్పుడనుకున్నా.” అదీ కథ. టర్బోని తిప్పేది ఆ పొగే, నిమిషానికి లక్ష చుట్ల దాకా తిప్పుతుంది. ఆ పొగ మధ్యదారిలో జారిపోతే టర్బో మందగిస్తుంది, గాలి తగ్గుతుంది, పొగ నలుపెక్కుతుంది. బోల్టులూ ప్యాకింగూ మార్చగానే బండి మళ్లీ మామూలైంది. పోయే వేడి పొగతోనే ఇంజనుకి గాలి ఎక్కించాలన్న ఆలోచనకి స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బుషీ 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. ఆయన అంత తెలివి ఉపయోగించి పట్టుకున్న పొగని మనం ఒక్క బోల్టు దగ్గర వదిలేస్తున్నాం.

ఇంకో సంగతి. పొగకి అడ్డు ఉండకూడదంటున్నాం కదా, అడ్డు ఉండి తీరాల్సిన చోటొకటుంది. శ్రీశైలం ఘాటు దిగుతున్న లోడు లారీని తలుచుకోండి. బ్రేకు మీదే కాలుపెట్టి దిగితే లైనర్లు కాలి వాసనొస్తాయి, కాసేపటికి బ్రేకు పట్టదు. అందుకే డ్రైవర్ ఎగ్జాస్ట్ బ్రేకు వేస్తాడు. పొగగొట్టంలో ఒక రెక్క అడ్డంగా మూసుకుంటుంది, డీజిల్ ఆగిపోతుంది, లోపలి గాలి బయటికి పోలేక పిస్టన్లను వెనక్కి తోస్తుంది. బండిని ఇంజనే పట్టి ఆపుతుంది. గొట్టం మార్చేటప్పుడు “ఇదెందుకులే” అని ఆ రెక్క తీసేశారనుకోండి, లేదా దానికి ముందెక్కడో పొగ లీకవుతోందనుకోండి, మైదానంలో ఆ లోటు తెలియదు. మొదటి పెద్ద మలుపులో తెలుస్తుంది.

సరే, ఇదంతా పాత బండ్ల పురాణం. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 వచ్చాక పొగగొట్టం గొట్టంగా మిగల్లేదు, చిన్నపాటి రసాయనాల ఫ్యాక్టరీ అయిపోయింది. పొగ ముందు ఒక క్యాటలిస్టును దాటాలి. తర్వాత డీపీఎఫ్ అనే పింగాణీ వడపోతలో మసి ఆగిపోతుంది. అది నిండినప్పుడల్లా బండి తానే 600 డిగ్రీల దాకా వేడి తెచ్చి ఆ మసిని కాల్చేస్తుంది. ఆ పని జరుగుతున్నప్పుడు బండిని తీసుకెళ్లి కళ్లంలో ఎండు వరిగడ్డి మీద ఆపారో, ఇక ఫైరింజనుకి ఫోను చేసుకోవాలి. ఆ తర్వాత డీఈఎఫ్, అదే మనవాళ్లు యూరియా నీళ్లనేది, పొగలోకి చిమ్ముతుంది. అందులో 32.5 శాతం యూరియా, మిగతాది లవణాలు తీసేసిన నీరు. దానితో నైట్రోజన్ ఆక్సైడ్లు మామూలు నైట్రోజనూ నీటి ఆవిరీ అయిపోతాయి.

“యూరియానే కదా, మా పొలానికి తెచ్చిన బస్తా ఉందిగా” అన్న తెలివిగలవాళ్లూ ఉన్నారు. అయ్యా, మన పొలం యూరియాకి వేపనూనె పూత ఉంటుంది, 2015 నుంచి అది తప్పనిసరి. వరికి మంచిదే. లారీ క్యాటలిస్టుకి మాత్రం విషం. బస్తాలో మిగిల్చుకున్న డబ్బుకి ఎన్నో రెట్లు ఆ పార్టు మీద పెట్టాలి.

ఇంతకన్నా పెద్ద తెలివి, మొత్తం పీకించెయ్యడం. డీపీఎఫ్ కోసి ఖాళీ గొట్టం వెల్డింగ్ చేసి, సెన్సర్లు గోల పెట్టకుండా ఈసీఎంలో, అంటే ఇంజనుని నడిపే కంప్యూటర్లో, ప్రోగ్రాం మార్పించడం. లేకపోతే బండి ఊరుకోదు, పసుపు లైటు వెలిగించి, కొంతసేపు చూసి, బలం కోసేసి మొరాయిస్తుంది. ఈ విద్యలో ప్రపంచానికి గురువులు అమెరికావాళ్లు. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉంటున్న మన పిల్లల్నడగండి, వీధిలో ప్రతి మూడో ఇంటి ముందూ ఏనుగంత పికప్ ట్రక్కు కనపడుతుందంటారు. వాటిలో డీజిల్ బండ్ల దగ్గర సరదా ముదిరి, కావాలని నల్లపొగ కక్కించడానికి రోలింగ్ కోల్ అని పేరు కూడా పెట్టారు. వెనక సైకిల్ తొక్కేవాడి మొహాన కక్కించడం వాళ్లలో కొందరికి ఆట.

అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ 2020లో ఒక లెక్క తీసింది. పదేళ్లలో అయిదున్నర లక్షలకి పైగా డీజిల్ పికప్పుల్లో పొగ శుభ్రంచేసే సరంజామా పీకేశారట. వాటివల్ల అదనంగా వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు 5,70,000 టన్నులట. ఆ పొగ లెక్కన చూస్తే రోడ్డు మీద మరో 90 లక్షల మంచి ట్రక్కులు దింపినట్టే. పీకిన కుర్రాళ్లే కాదు, పెద్దలూ దొరికారు. పొగ పరీక్షని తప్పించుకునే ప్రోగ్రాములు పికప్ ఇంజన్లలో పెట్టారన్న ఆరోపణ మీద కమ్మిన్స్ కంపెనీ 167 కోట్ల డాలర్లకి పైగా జరిమానా కట్టడానికి 2023 డిసెంబరులో ఒప్పుకుంది. అక్కడి గాలి చట్టం కింద అంత జరిమానా అంతకు ముందు ఎవరూ కట్టలేదు.

మన చట్టం కూడా ఊరుకోదండోయ్. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182-ఎ కింద అలా మార్చిన ఓనరుకి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకీ అయిదు వేల జరిమానా, లేదా రెండూ. ఒక్కో మార్పుకీ అన్నది గమనించండి. గొట్టం ఒకటి, ప్రోగ్రాం ఒకటి, హారను ఒకటి, లెక్క రాసేవాడికి ఓపికుంటే చాలు. అసలు భయపడాల్సింది చట్టానికి కాదు, పొగకి. డీజిల్ పొగ క్యాన్సర్ తెచ్చేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లో తేల్చి చెప్పింది. ఆ పొగ అందరికంటే ఎక్కువ పీల్చేది ఎవరు? ఇరవై నాలుగ్గంటలూ ఆ బండి పక్కనే తిని, ఆ బండిలోనే పడుకునే డ్రైవరూ క్లీనరూ.

“అయితే బండి మీద రూపాయి పెట్టొద్దంటావా?” అంటారేమో. పెట్టండి, శుభ్రంగా పెట్టండి. ఎయిర్ ఫిల్టర్ దులిపి దులిపి వాడకుండా మార్చండి. ట్యాపెట్లు సెట్ చేయించండి. నాజిల్స్ టెస్టింగ్ బెంచీ మీద పెట్టించి చినుకు సరిగ్గా పడుతోందో లేదో చూడండి. మ్యానిఫోల్డ్ నుంచి తోక దాకా గొట్టం వెంట మసి చారల కోసం ఓసారి వెతకండి. బీఎస్-6 బండికి కంపెనీ చెప్పిన రకం ఇంజన్ ఆయిలే పోయండి, వేరేది పోస్తే దాని బూడిద డీపీఎఫ్‌లో చేరి ఎంత కాల్చినా పోదు. టైర్లలో గాలి చూసుకోండి. ఇవన్నీ అయ్యాక బండి ఎలా లాగుతుందో చూసి అప్పుడు చెప్పండి సైలెన్సర్ సంగతి.

ఇన్ని చేసినా ఇంకో ట్యూనింగ్ మిగిలే ఉంటుంది, దానికి ఆటోనగర్‌లో షాపు లేదు. యాక్సిలరేటర్ మీదుండే పాదం. ఒకే బండి, ఒకే లోడు, ఒకే రూటు, డ్రైవర్ మారితే మైలేజీ మారుతుందని ప్రతి ఓనరుకీ తెలుసు. ఆ పాదానికి నిద్ర చాలకపోయినా, ఇంటి దగ్గర అప్పులవాడు కూర్చున్నా, పోయిన ట్రిప్పు బత్తా ఇంకా చేతికి రాకపోయినా అది కోపంగానే తొక్కుతుంది. ఆ కోపం పొగలో కనపడుతుంది, డీజిల్ బిల్లులో తేలుతుంది. కాబట్టి ఓనరుగారూ, ఈసీఎం ప్రోగ్రాం మార్పించడానికి దాచిన డబ్బులేమైనా ఉంటే, ముందు ఆ బత్తా బాకీ తీర్చండి. దానికి ఏ సెక్షన్ కిందా జరిమానా లేదు.