కొండపల్లిలో చింతామణి కబురు

కొండపల్లి అనగానే మనకు బొమ్మల కొలువే గుర్తొస్తుంది కదండీ! బెజవాడ నుంచి ఇబ్రహీంపట్నం మీదుగా ఇరవై కిలోమీటర్లు. ఈమధ్య మా ఆడపడుచుతో వెళ్ళొచ్చాను. ఎండెక్కక ముందే రెడ్డిరాజుల నాటి ఖిల్లా చూశాం. గజశాల, నర్తనశాల మిగిలాయి గానీ గాలి తప్ప చప్పుడు లేదు.

కిందికి దిగి బొమ్మల దగ్గర ఆగాం. తేలికైన తెల్లపొణికి కొయ్య చెక్కి, చింతగింజల పొడి కలిపిన ముద్దతో కాళ్ళూ చేతులూ అతికిస్తారు. మేళగాళ్ళ బొమ్మలు బేరమాడుతుంటే అరుగు మీది పెద్దాయన, "నేనూ ముప్పై ఏళ్ళు హార్మోనియం వాయించానమ్మా, చింతామణి నాటకానికి" అన్నారు.

నాకు చిన్నతనం గుర్తొచ్చింది. మా ఊళ్ళో చింతామణి ఆడితే నాన్న మమ్మల్ని గడప దాటనిచ్చేవారు కాదు. డాబా మీంచి పద్యాలు వినేవాళ్ళం. సుబ్బిశెట్టి రాగానే అమ్మ లోపలికి తోలేసేది!

ఆ నాటకాన్ని 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. సుబ్బిశెట్టి వేషంతో తమను కించపరుస్తున్నారని ఆర్యవైశ్యులు మొరపెట్టుకున్నారు. వారి బాధ అబద్ధం కాదు. ఆ బూతు మాటలు నాకూ రోతే. కానీ వాటిలో చాలామటుకు ఆడేవాళ్ళు చప్పట్ల కోసం చేర్చుకున్నవేనట. కట్నాల మీద 'వరవిక్రయం' రాసిన కాళ్ళకూరి నారాయణరావుగారే ఇదీ రాశారు. వేశ్య మోజులో కొంపలు కూలకూడదనే కదా ఆయన తాపత్రయం! చివరికి చింతామణి కృష్ణభక్తురాలవుతుంది, బిల్వమంగళుడు లీలాశుకుడవుతాడు. బియ్యంలో రాళ్ళుంటే ఏరుకుంటాం గానీ బస్తా పారబోస్తామా, చెప్పండి?

నిషేధం ఎత్తేయాలని కళాకారులు ధర్నాలు చేశారు, వ్యవహారం హైకోర్టుకెక్కింది. "ఆ ఏడు శివరాత్రి తిరునాళ్ళకు తీసుకున్న బయానా వెనక్కిచ్చేశాం. మా చింతామణి వేషం కట్టే అమ్మాయికి ఇద్దరు పిల్లలు. టైలరింగులో చేరింది" అన్నారాయన.

రాత్రి పదయ్యాక మైకు కట్టాలన్న నిబంధన అంతకుముందు నుంచే ఉంది. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాలవి. పండగలకూ సాంస్కృతిక కార్యక్రమాలకూ ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా పన్నెండు దాకా ప్రభుత్వం సడలించవచ్చు. పరీక్షల పిల్లలున్న ఇంట్లో దాని విలువ నాకు తెలుసు. తెల్లవార్లూ వద్దు. పన్నెండు దాకా అడిగితే ఇవ్వొచ్చుగా!

"ఒక్క పద్యం పాడండి బాబాయిగారూ" అన్నాను. మైకు లేదు, హార్మోనియం లేదు. మోకాలి మీద తాళం వేస్తూ ఎత్తుకున్నారు. బొమ్మకు రంగు వేస్తున్న ఆవిడ కుంచె పట్టుకుని అలాగే ఉండిపోయింది. మా ఆడపడుచు బేరం మానేసి అడిగినంతా ఇచ్చేసింది.